ఏడేళ్ల పిల్లాడికి ధ్యానం నేర్పించవచ్చాండీ? నేర్పితే ఎలా?

కొబ్బరిమట్ట (అంబాజీపేట)

అందరికీ నమస్కారమండి. మాకు ఇద్దరు పిల్లలు. పాప ఏడో తరగతి, బాబు రెండో తరగతి. ఈ ఏడాది వాళ్ల స్కూల్లో ప్రార్థన అయ్యాక పావుగంట ధ్యానం అని పెట్టారు. మంచిదే కదా అనుకున్నాం. తీరా చూస్తే మావాడు రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. ఆరా తీస్తే తెలిసింది, కళ్లు తెరిచిన పిల్లల్ని లేపి గోడవైపు తిప్పి నిలబెడుతున్నారట. "నాన్నా, నేను తెరవట్లేదు, అవే తెరుచుకుంటున్నాయి" అంటాడు.

పాప సంగతి వేరు. దానికి పరీక్షలంటే టెన్షన్. రాత్రి పడుకున్నాక ఒకటే ఆలోచనలు. ధ్యానం చేస్తే తగ్గుతుందా అని తనే అడిగింది.

నాకూ మా ఆవిడకీ ఇది బొత్తిగా అలవాటు లేదు. యూట్యూబ్‌లో చూస్తే ఒకాయన మూడో ఏటి నుంచే మొదలెట్టమంటాడు, ఇంకొకాయన పద్నాలుగు దాటాక అంటాడు. ఇక్కడ పిల్లలతో చేయించినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. ఇంట్లో మేమే నేర్పించుకోవచ్చా?

ఏరేటర్ (భీమవరం)

పావుగంట కళ్లు మూసుకోమంటే నేనైతే గురక పెడతానండి. మీవాడు మెలకువగా ఉన్నాడంటే నాకంటే నయమే.

పిల్లకాలువ (పాలకొల్లు)

నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. 2019లో ప్రభుత్వ బడుల్లో ఆనంద వేదిక అని ధ్యానం, కథల పీరియడ్ పెట్టినప్పుడు మాకూ ఇదే తంటా. చిన్నపిల్లల్ని ఊరికే కళ్లు మూసుకోమంటే ఒకడు పక్కవాణ్ని గిల్లుతాడు, ఇంకొకడు కంటి సందులోంచి చూస్తాడు, మూడోవాడు వాళ్లిద్దరి మీద కంప్లైంట్ ఇస్తాడు. ఆ మూడోవాడికి కూడా కళ్లు తెరిస్తేనే కదా అదంతా కనిపించింది!

తర్వాత ధ్యానం అన్న మాట తీసేసి శబ్దం ఆట అని పేరు పెట్టాను. ఇంటి నుంచి ఒక ఇత్తడి పళ్లెం పట్టుకెళ్లాను, అంచు పలచగా ఉండేది. దాన్ని దారానికి వేలాడదీసి గరిటె కాడతో ఒక్క దెబ్బ. "శబ్దం పూర్తిగా ఆగిపోయిందనిపించాక చెయ్యెత్తండి" అని చెప్పడమే. మొదట్లో దెబ్బ పడీ పడగానే అన్ని చేతులూ లేచేవి. ఎవరు ముందు ఎత్తితే వాళ్లే గెలిచినట్టు అనుకున్నారు. నిదానంగా ఆట తిరగబడింది, ఎవరు చివరిదాకా వింటారా అన్నది పోటీ అయింది. మెడలు ఒక పక్కకి వంచి, నోళ్లు సగం తెరిచి వింటుంటారు. ఒకసారి అందరూ చేతులెత్తేశాక ఒకటో తరగతి వాడు ఒక్కడే ఎత్తలేదు. ఏరా అంటే, "అయిపోలేదు టీచర్, గోడ అవతలికి వెళ్లింది" అన్నాడు.

ఆ వెంటనే, ఆ నిశ్శబ్దం చెదరకముందే, "ఇప్పుడు ఇంకేం వినిపిస్తున్నాయి?" అని అడుగుతాను. బోరింగు చప్పుడు, వంటగదిలో గిన్నెలు, రోడ్డు మీద కొబ్బరికాయల లారీ గేరు మార్చడం, ఎవరికో ముక్కు దిబ్బడ. అంతా కలిపి రెండు నిమిషాలు. కళ్లు మూసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. చాలామంది వాళ్లంతట వాళ్లే మూసేస్తారు, అలా అయితే బాగా వినిపిస్తుందని.

రెండో తరగతి పిల్లాడిని గోడవైపు నిలబెట్టి చేయించేది శిక్షే, ధ్యానం కాదు. మీరు స్కూల్లో మాట్లాడాల్సిందేనండి.

కొబ్బరిమట్ట (అంబాజీపేట)

చాలా థాంక్సండి టీచర్‌గారూ. పళ్లెం ఉంది మా అమ్మది. శబ్దం అయ్యాక ఊపిరి మీద ధ్యాస ఎలా పెట్టించాలో కూడా చెప్పరూ? ఊపిరి గమనించమంటే మావాడు బుస కొడుతున్నాడు.

పిల్లకాలువ (పాలకొల్లు)

బుస కొట్టడం మామూలేనండి. ఊపిరి చూడు అనగానే పిల్లలు ఊపిరిని తయారు చేస్తారు. అందుకని కూర్చోబెట్టకండి, చాప మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మీ ఊళ్లో దానికేం కొదవ, చెట్టు కింద రాలిన కొబ్బరి పిందె ఒకటి తెచ్చి బొడ్డు మీద పెట్టండి. పిందె పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. అది దొర్లిపోకుండా చూసుకోవడమే వాడి పని. నవ్వితే పడిపోతుంది. పడితే మళ్లీ పెట్టుకుంటాడు. మీరు కూడా పక్కనే ఒక పిందె పెట్టుకుని పడుకోండి. పొట్ట ఉన్న నాన్నల పిందె ఇంకా బాగా కనిపిస్తుంది, పిల్లలు అదే చూస్తారు.

"ఎన్నిసార్లు లేచింది?" అని లెక్క అడగొద్దు. లెక్క అడిగితే అది పరీక్ష అయిపోతుంది.

గౌతమీతీరం (కొత్తపేట)

టీచరమ్మా, చాలా సబబుగా చెప్పావు. రిటైరైన తెలుగు మాస్టార్ని, నాకు తోచింది నాలుగు ముక్కలు.

పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ధ్యానం ఏడోది. యమ, నియమ, ఆసన, ప్రాణాయామ, ప్రత్యాహార, ధారణ, ఇవన్నీ అయ్యాక వస్తుంది. బయటికి పరుగెత్తే ఇంద్రియాలను వెనక్కి మళ్లించడం ప్రత్యాహారం, ఒకచోట నిలపడం ధారణ. పళ్లెం చప్పుడు వినడం, బొడ్డు మీద పిందె చూడడం ఈ రెండిట్లోకీ వస్తాయి. పిల్లలకి అంతకు మించి అక్కర్లేదు. మనవాళ్లు ఒకటో అంకె దిద్దించకుండా ఏడో ఎక్కం అప్పగించమంటున్నారు.

మా చిన్నప్పుడు ఒడుగు (ఉపనయనం) అయ్యాక సంధ్యావందనం నేర్పేవారు. అందులో కదలకుండా కూర్చోమన్న భాగం చాలా తక్కువ. ఆచమనం, మార్జనం, అర్ఘ్యం, నీళ్లు పట్టడం, వదలడం, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ జపం. ఎనిమిదేళ్ల వాడి చేతులకి ఏదో ఒక పని ఉండాలని పెద్దలకు తెలుసు.

గీతలో ఆరో అధ్యాయంలో మనసు చంచలం అని కృష్ణుడే ఒప్పుకున్నాడు. అది ఎటెటు పోతే అటునుంచి వెనక్కి తెచ్చుకోమన్నాడు తప్ప, పోయినందుకు నిలబెట్టమనలేదు. ధ్రువుడు అయిదేళ్లకే తపస్సు చేశాడు కదా అని కొందరు అంటారు. చేశాడు. తనంతట తాను అడవికి వెళ్లి చేశాడు, ప్రార్థన బెల్లు కొట్టి ఎవరూ పంపలేదు.

ఆనాపాన (తణుకు)

మాస్టారికి నమస్కారాలు. నేను చాలా ఏళ్లుగా పిరమిడ్ ధ్యానం చేస్తున్నాను. ఈ పద్ధతి నేర్పిన పత్రీజీ చెప్పిన లెక్క తేలిక, వయసు ఎంతో అన్ని నిమిషాలు. ఏడేళ్ల బాబుకి ఏడు నిమిషాలు, పన్నెండేళ్ల పాపకి పన్నెండు. చేతులు కలిపి, కళ్లు మూసుకుని, సహజంగా జరిగే శ్వాసతో ఉండడమే. మంత్రం లేదు, దేవుడి పటం లేదు, ఖర్చు లేదు. మా అపార్టుమెంట్ పిల్లలు సాయంత్రాలు టెర్రస్ మీద చక్కగా కూర్చుంటారు. జ్ఞాపకశక్తి పెరుగుతుంది, చదువులో ముందుంటారు, జలుబులూ జ్వరాలూ దగ్గరికి రావు. ధ్యానం చేసే పిల్లలకి మందులతో పనే లేదండి, ఇది అనుభవం.

ఏరేటర్ (భీమవరం)

తణుకులో సాయంత్రం టెర్రస్ మీదా? దోమలకి కూడా ధ్యానం నేర్పారా గురువుగారూ? మా చెరువుల వైపు రండి, ఆరింటికి కళ్లు మూసుకుంటే ఏడింటికి బక్కెట్ రక్తం పోద్ది.

సరదాకి అన్నాను గానీ ఒక మాట సీరియస్‌గా అడుగుతున్నా. దీనివల్ల మార్కులు వస్తాయా రావా? మా తోడల్లుడు కొడుకుని ఇంటర్‌లో వేస్తూ, ధ్యానం క్లాసు ఉందని ఇంకో పదివేలు కట్టాడు.

డ్యూటీడాక్టర్ (అమలాపురం)

పిల్లల డాక్టర్ని. ఆనాపాన గారూ, మిగతా వాటి మీద నాకు పేచీ లేదు. "మందులతో పనే లేదు" అన్నది మాత్రం దయచేసి పిల్లల తల్లిదండ్రులకి చెప్పొద్దు. ఆస్తమా ఉన్న పిల్లలకి, ఫిట్స్ మందులు వాడే పిల్లలకి ధ్యానం మొదలెట్టామని మందులు ఆపితే జరిగేది మేం చూస్తుంటాం. ధ్యానం మందు పక్కన కూర్చోవచ్చు, దాని కుర్చీ ఖాళీ చేయించకూడదు.

కొబ్బరిమట్ట గారికి కొన్ని విషయాలు. ఏడేళ్ల పిల్లలు నిమిషానికి సుమారు 18 నుంచి 25 సార్లు ఊపిరి తీస్తారు. మనం 12 నుంచి 20. అందుకే పెద్దవాళ్ల వీడియో పెట్టి "పీల్చు, ఆపు, వదులు" అని వాళ్ల లయకి పిల్లాడిని లాగితే వాడికి ఆయాసంగా ఉంటుంది. బుస కొట్టడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలు, గబగబా కొట్టే కపాలభాతి లాంటివి చిన్నపిల్లలకి వద్దు. వాళ్ల ఊపిరి వాళ్ల వేగంతోనే పోనివ్వండి. వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా వదలడం ఒక్కటి నేర్పితే చాలు. ఊపిరి వదిలే సమయంలో మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నాడి పనిచేసి గుండె వేగం కొంచెం తగ్గుతుంది. టెన్షన్‌లో ఉన్నప్పుడు అది పనికొస్తుంది.

మార్కుల సంగతి తర్వాత, ముందు మనసుకి ఏం చేసిందో చూద్దాం. బ్రిటన్‌లో మైరియడ్ అని ఒక పెద్ద అధ్యయనం చేశారు. 85 స్కూళ్లు, 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఎనిమిది వేలకు పైగా. సగం స్కూళ్లలో టీచర్లకి శిక్షణ ఇచ్చి మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద ధ్యాస నిలపడం) పాఠాలు చెప్పించారు, మిగతా సగం మామూలు పద్ధతిలో నడిచాయి. 2022లో ఫలితాలు వచ్చాయి. పిల్లల మానసిక ఆరోగ్యంలో రెండు వైపులా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర అసలు చెయ్యనేలేదు, బోర్ అన్నవాళ్లూ ఉన్నారు. అంటే ధ్యానం పనికిరాదని కాదు. క్లాసు మొత్తానికీ టీకా వేసినట్టు వేస్తే ఎక్కేది కాదని నాకు అర్థమైంది. ఇష్టంగా చేసే పిల్లలకి, దగ్గర కూర్చుని చేయించే పెద్దవాళ్లు ఉన్న చోట మేలు జరగడం నేను చూస్తున్నాను. ర్యాంకు కోసం అని పదివేలు కట్టమంటే మాత్రం నేను కట్టను.

ఆనాపాన (తణుకు)

డాక్టరుగారూ, మందులు ఆపమని నేను ఎవరికీ చెప్పలేదండి. మా పిల్లల సంగతి చెప్పాను. సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. వయసుకి తగ్గ నిమిషాల లెక్కలో తప్పేముంది?

డ్యూటీడాక్టర్ (అమలాపురం)

తప్పేం లేదండి. దాన్ని గరిష్ఠం అనుకుంటే బాగుంటుంది. ఏడేళ్ల వాడు రెండు నిమిషాలకే లేచిపోతే ఇంకా అయిదు బాకీ అని మళ్లీ కూర్చోబెట్టకూడదు, అంతే.

స్టడీఅవర్ (ఊరు చెప్పను)

ఇంటర్ సెకండియర్. హాస్టల్. మాకు పొద్దున 5:15కి ధ్యానం. రాత్రి స్టడీ అయ్యేసరికి పదకొండున్నర. హాల్లో లైట్లు ఆపుతారు, మైకులో ఎవరో "మీ ర్యాంకుని ఊహించుకోండి" అంటారు. అందరం నిద్రపోతాం. వార్డెన్ వచ్చి వీపు మీద తడతాడు. రోజు మొత్తంలో నాకు నచ్చేది ఆ ఇరవై నిమిషాలే, కానీ అది ధ్యానం కాదు, నిద్ర.

డ్యూటీడాక్టర్ (అమలాపురం)

బాబూ, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నీకు ఆరు కూడా రావట్లేదు. ధ్యానంలో నిద్రపోతున్నావంటే నీ ఒంట్లో లోపం ఏమీ లేదు, అది బాకీ వసూలు చేసుకుంటోంది. ఇంట్లో ఈ టైంటేబుల్ చూపించు.

గాలం (యానాం)

ఇదంతా చదువుతుంటే నాకో సందేహం. మా తమ్ముడి కొడుకు తొమ్మిదేళ్ల వాడు. క్లాసులో నిమిషం కుదురుగా ఉండడని టీచర్లు రోజూ ఫోన్. అదే వాడు ఆదివారం గాలం పట్టుకుని కాలువ రేవులో కూర్చున్నాడంటే బెండు మీంచి కళ్లు తియ్యడు. ఎండ నెత్తి మీదికి వచ్చినా తెలియదు. వెనక నుంచి పిలిస్తే, తల తిప్పకుండా చెయ్యి మాత్రం వెనక్కి ఊపుతాడు, చప్పుడు చెయ్యొద్దని. బెండు కొంచెం కదిలితే అది గాలికా, చిరుచేప పొడిచిందా, పెద్దది మింగిందా అని చెప్పేస్తాడు. మేం చూస్తే ఏ తేడా కనపడదు. ఇదేంటి మరి? ధ్యానం కాదా?

గౌతమీతీరం (కొత్తపేట)

ధారణ అంటే అచ్చంగా అదే నాయనా. వాడికి కొత్తగా నేర్పాల్సింది లేదు. గాలం పెట్టెలో పెట్టేశాక కూడా ఆ చూపు కాసేపు ఉంటుందేమో కనుక్కో.

డ్యూటీడాక్టర్ (అమలాపురం)

మాస్టారూ, చిన్న సవరణ. నచ్చిన పనిలో గంటలు లీనమై, నచ్చని పనిలో నిమిషం నిలవలేకపోవడం ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) ఉన్న పిల్లల్లో కూడా కనిపిస్తుంది. గాలం గారూ, స్కూల్లోనూ ఇంట్లోనూ రెండు చోట్లా ఇబ్బంది ఉంటే ఒకసారి చూపించండి. ఏమీ లేదంటే మంచిదే. ఈలోగా చేపలు పట్టడం మాన్పించకండి.

తెల్లగులాబీ (రాజోలు)

నాకు ఒక సందేహం ఉంది, అడగొచ్చో లేదో. మేం చర్చికి వెళ్తాం. మా పాప స్కూల్లో ధ్యానం అంటూ ఓంకారం చెప్పిస్తున్నారు. మా పాస్టరుగారు వద్దన్నారు, పాప ఒక్కతే బయట నిలబడుతోంది. దానికి తోటి పిల్లల మధ్య సిగ్గుగా ఉంది. ఎవరినీ నొప్పించాలని కాదు. దేవుడి పేరు లేకుండా ధ్యానం ఉంటుందా?

పిల్లకాలువ (పాలకొల్లు)

తప్పకుండా అడగొచ్చమ్మా. నా క్లాసులో అన్ని ఇళ్ల పిల్లలూ ఉన్నారు, అందుకే నేను పళ్లెం చప్పుడు, ఊపిరి, అడుగులు, వీటితోనే సరిపెడతాను. ఊపిరికి మతం లేదు కదా. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో హ్యాపీనెస్ క్లాసులు మొదలెట్టినప్పుడు కూడా పాఠం ముందు ఊపిరి, శబ్దాలు గమనించడమే పెట్టారు, మంత్రాలు పెట్టలేదు. మీ స్కూలు వాళ్లని అడగండి, ఓంకారం ఇష్టమైనవాళ్లు చెప్పుకుంటారు, మిగతావాళ్లు మౌనంగా అదే వరుసలో కూర్చుంటారు. పిల్లని బయట నిలబెట్టడం ఎందుకు? ఇంట్లో అయితే మీ ప్రార్థన అయ్యాక కాసేపు మాటలు లేకుండా ఉండండి. మీ ఆచారంలోనూ మౌన ప్రార్థన ఉంది కదా.

తెల్లగులాబీ (రాజోలు)

ఉందండి. గుడ్ ఫ్రైడేకి మా అమ్మమ్మ మాట్లాడేదే కాదు. థాంక్స్ టీచర్.

ర్యాలి అమ్మాయి (ఇప్పుడు బెంగళూరు)

నేను మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో చదువుకున్నాను. అక్కడ అస్తాచల్ అని ఉంటుంది. సాయంత్రం పిల్లలందరం ఒకచోట చేరి, సూర్యుడు కొండల వెనక్కి దిగేదాకా మాట్లాడకుండా కూర్చోవడం. అంతే. ఊపిరి చూడమని గానీ, మనసు ఖాళీ చేసుకోమని గానీ ఎవరూ చెప్పరు. జిడ్డు కృష్ణమూర్తి ఒక పద్ధతి పెట్టుకుని చేసే ధ్యానాన్ని ఒప్పుకోలేదు కదా, ఆ స్కూలు ఆయన ఆలోచనతో నడిచేదే. చిన్న క్లాసుల్లో ఉన్నప్పుడు నేను గడ్డిపోచలు పీకుతూ, చీమల్ని చూస్తూ, డిన్నర్‌లో ఏముంటుందా అనుకుంటూ గడిపాను. ఎవరూ తిట్టలేదు. పెద్దయ్యాక అందులో ఏదో ఉందని తెలిసింది, ఎప్పటి నుంచి అని అడిగితే చెప్పలేను.

మన వైపు కొండలు లేకపోతేనేం, ఏటిగట్టు ఉంది. సెలవులకి వచ్చినప్పుడు మా మేనల్లుళ్లని గట్టు మీద కూర్చోబెడతాను. ఫోన్లు ఇంట్లో. మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు అవతలి ఒడ్డుకి వెళ్లి తిరిగి వచ్చేదాకా మాటల్లేవు. అదే మా గడియారం. ఆవలి ఒడ్డున మోటారుసైకిళ్లు ఎక్కించడానికి ఆలస్యమైతే వాళ్లకి ఎక్స్‌ట్రా టైమ్, గొణుగుతారు.

ఏరేటర్ (భీమవరం)

ఇది నాకు నచ్చింది. చేప పట్టడం, పంటు చూడడం. ఇవైతే నేనూ ధ్యానిస్తా.

లేసు అత్తయ్య (నరసాపురం)

మీరందరూ చదువుకున్నవాళ్లు. నాకు తెలిసింది లేసు. మా మనవరాలు పదకొండేళ్లది. సెల్లు ఇవ్వకపోతే ఏడుపు, ఇస్తే వదలదు. దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని క్రోషా సూది ఇచ్చాను. గొలుసు కుట్టు ఒక్కటే చూపించాను. దారం చూపుడు వేలి చుట్టూ తిప్పి, మధ్యవేలితో బిగువు పట్టి, సూది కొక్కెం దారం కిందినించి తిప్పి లాగాలి. బిగువు ఎక్కువైతే సూది దూరదు, వదులైతే గొలుసు గజిబిజి. మనసు ఎటో పోయిందంటే కుట్టు చూస్తే తెలిసిపోద్ది. నేను అనక్కర్లేదు. అదే "మామ్మా ఇక్కడ పోయింది" అని విప్పుకుని మళ్లీ అల్లుద్ది. కళ్లు మూసుకోమంటే రెండు నిమిషాలు ఉండని పిల్ల.

పిల్లకాలువ (పాలకొల్లు)

అత్తయ్యగారూ, మీరు మా బడికి రావాలండి.

ఒక విషయం చెప్పడం మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నాను. 2022 జూలైలో గోదావరికి వరద వచ్చింది కదా, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ తర్వాత ఏటి మధ్య లంకల నుంచి వచ్చే పిల్లలు కొందరు కళ్లు మూసుకోమంటే భయపడేవారు. ఒక పాప అయితే కళ్లు మూసుకుంటే నీళ్ల చప్పుడు వినిపిస్తోందని ఏడ్చింది. అలాంటి పిల్లలకి కళ్లు మూయించకూడదని నాకు అప్పుడు ఒక కౌన్సెలర్ చెప్పారు. కళ్లు తెరిచే ఉంచి, కాళ్లు నేలకి ఆనించి, "గదిలో పచ్చగా ఉన్నవి అయిదు చూపించు, చేత్తో తాకగలిగేవి నాలుగు చెప్పు" అని అడగాలి. తుపాను చూసిన పిల్లలకి, ఇంట్లో ఎవరైనా చనిపోయిన పిల్లలకి కూడా ఇదే. మౌనం అందరికీ హాయిగా ఉండదు. స్కూలు వాళ్లు ఒకే మైకులో అందరినీ కళ్లు మూసుకోమనడం మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే.

డ్యూటీడాక్టర్ (అమలాపురం)

నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఇది పైనే రాయాల్సిన విషయం.

కొబ్బరిమట్ట (అంబాజీపేట)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలండి. కొన్నాళ్లు చేసి చూసి రాస్తున్నాను.

బాబుకి పిందె ఆట బాగా పట్టింది. పొట్ట మీద పిందె సరే, ఇప్పుడు నుదుటి మీద, మోకాలి మీద కూడా పెట్టుకుంటున్నాడు. కొన్ని రోజులు పిందెతో క్రికెట్ ఆడేస్తాడు, ఆ రోజు అంతే. నేను పక్కన పడుకుంటే చేస్తాడు, నన్ను ఫోన్ చూడనివ్వడు. కడుపునొప్పి తగ్గింది, కానీ అది స్కూల్లో మాట్లాడాక తగ్గింది. నేనూ ఇంకో ఇద్దరు తండ్రులూ కలిసి వెళ్లాం. గొడవ పెట్టుకోలేదు. చిన్న క్లాసులకి పావుగంట బదులు మూడు నిమిషాలు చాలని, నిలబెట్టొద్దని అడిగాం. మూడుకి ఒప్పుకోలేదు, అయిదుకి వచ్చారు. నిలబెట్టడం మాత్రం మానేశారు.

పాపకి పిందె ఆట నచ్చలేదు, చిన్నపిల్లల ఆట అంది. పరీక్ష ముందు రాత్రి అలాగే ఉంది. దానికి ఏం చెప్పాలి?

డ్యూటీడాక్టర్ (అమలాపురం)

పన్నెండేళ్ల వాళ్లకి కారణం చెబితే చేస్తారు. భయపడినప్పుడు గుండె ఎందుకు కొట్టుకుంటుంది, ఊపిరి వదిలేటప్పుడు ఎందుకు నెమ్మదిస్తుంది అన్నది బొమ్మ గీసి చెప్పండి. తర్వాత వేళ్ల లెక్క. ఎడమ అరచెయ్యి తెరిచి, కుడి చూపుడు వేలితో బొటనవేలి అంచు వెంట పైకి పోతూ ఊపిరి పీల్చాలి, రెండో వైపు కిందికి దిగుతూ నెమ్మదిగా వదలాలి. చిటికెన వేలు దాకా వెళ్తే అయిదు. మళ్లీ వెనక్కి వస్తే పది. పరీక్ష హాల్లో బల్ల కింద కూడా చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. పరీక్ష రోజే మొదలెడితే పని చెయ్యదు, మామూలు రోజుల్లో అలవాటు కావాలి.

ఆలోచనలు ఆపమని చెప్పకండి. ఆపాలని చూస్తే ఇంకా వస్తాయి. పడుకోబోయే ముందు ఆ ఆలోచనలన్నీ ఒక కాగితం మీద రాసేయమనండి, రేపు చూసుకుందాం అని పక్కన పెట్టమనండి. తర్వాత వేళ్లు.

ఇది చేసినా నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, బడికి వెళ్లనని మొండికేయడం రెండు మూడు వారాలు దాటి ఉంటే ధ్యానంతో ఆగిపోకండి. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. స్టడీఅవర్ బాబూ, ఈ నంబరు నువ్వు కూడా రాసుకో.

స్టడీఅవర్ (ఊరు చెప్పను)

రాసుకున్నాను సర్. ఇంట్లో టైంటేబుల్ చూపించాను. అమ్మ ఏడ్చింది. నాన్న ప్రిన్సిపాల్‌తో మాట్లాడతానన్నాడు, ఇంకా మాట్లాడలేదు.

గౌతమీతీరం (కొత్తపేట)

నాన్నకి మళ్లీ గుర్తు చెయ్యి బాబూ. మొహమాటపడకు.

ఆనాపాన (తణుకు)

కొబ్బరిమట్ట గారూ, పాప కాస్త పద్ధతిగా నేర్చుకుంటానంటే విపశ్యన వాళ్లు పిల్లలకి ఆనాపాన శిబిరాలు పెడతారు. మా పిరమిడ్ వాళ్లది కాదు, గోయెంకా గారి సంప్రదాయం. 8 నుంచి 16 ఏళ్ల వాళ్లకి, సాధారణంగా ఒక్క రోజు. ఫీజు లేదు. ముక్కు దగ్గర ఊపిరి గమనించడం కొద్దిసేపు, మధ్యలో ఆటలు, కథలు. ఓంకారం, పూజ ఏమీ ఉండవు కాబట్టి రాజోలు అమ్మగారు కూడా అడిగి చూడొచ్చు. హార్ట్‌ఫుల్‌నెస్ అనే ఇంకో ధ్యాన సంస్థ వాళ్లయితే అసలు ధ్యానం 15 ఏళ్లు దాటాకే చెబుతారు, చిన్నవాళ్లకి ఒళ్లు వదులు చేసుకోవడం మాత్రం నేర్పుతారు.

కొబ్బరిమట్ట (అంబాజీపేట)

మాకు దగ్గరలో ఎక్కడండీ విపశ్యన?

ఏరేటర్ (భీమవరం)

ఇది నాకు తెలుసు! మా కుముదవల్లిలో ఉంది సెంటరు. భీమవరం పక్కనే, 1897 నాటి వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం ఉన్న ఊరు. పిల్లల శిబిరం ఎప్పుడుందో ముందు ఫోన్ చేసి కనుక్కుని, పేరు రాయించుకుని రండి. ఊరికే వస్తే కుదరదు. పాపని దింపి మీరు మా చెరువు గట్టుకి వచ్చేయండి, సాయంత్రం దాకా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు వినిపిస్తా. దోమల బ్యాట్ నేను తెస్తా.

కొబ్బరిమట్ట (అంబాజీపేట)

తప్పకుండానండి. పాప సరే అంది. బాబు తనూ వస్తానంటున్నాడు, ఎనిమిది నిండలేదు కాబట్టి వాణ్ని మీ చెరువు గట్టుకే తెస్తాను.